కార్పెట్ తియ్యాలా, వద్దా

ఇరవై ఆరేళ్ళు సెవెర్న్ నదికి నాడి చూశాను.
ష్రూస్‌బరీలో, వెల్ష్ బ్రిడ్జి దగ్గర
రాతికి బిగించిన కొలబద్ద,
తెల్ల పలకమీద నల్లటి అంకెలు,
అంకెలమీద పాకే నాచు.
పైన వేల్స్ కొండల్లో మంగళవారం పడ్డ వాన
మా ఊరి మెట్లెక్కేది గురువారం.
మధ్యలో ఉన్న ఆ ఒక్క రోజే నా ఉద్యోగం.

ఇప్పుడు మూడు నెలలకోసారి
ఒకమ్మాయి నా మోచేతి మడతలో గుచ్చుతుంది.
మార్గెడ్ అని పేరు. "చిన్న చురుకు" అంటుంది ప్రతిసారీ,
ప్రతిసారీ నిజమే చెబుతుంది.
పసుపు మూత గొట్టం ఒకటి, ఊదా మూతది ఒకటి.
అవి నిండుతుంటే అటు చూడను.
గోడమీద సైకిళ్ళు తొక్కుతున్న ముసలివాళ్ళ బొమ్మ చూస్తాను.
వాళ్ళలో ఒక్కరికీ చెమట పట్టదు.

ప్రోస్టేట్ తీసేసి నాలుగేళ్ళు.
ఊరు ఖాళీ చేయించినా
నది దారి మరచిపోదు.
పి.ఎస్.ఏ. నాలుగు పాయింట్ ఒకటి.
తర్వాత ఆరు. తర్వాత తొమ్మిదిన్నర.
డాక్టర్ ఒయిన్ తెర నావైపు తిప్పి
గీత చూపించాడు, జంకుతూ.
నా దగ్గరెందుకయ్యా జంకు,
ఇలాంటి గీతలు గీసే కదా పెన్షన్ తింటున్నాను!
ఎంత ఎత్తు అన్నది కాదు,
ఎంత తొందరగా ఎక్కుతోందన్నదే లెక్క.
ఆ మాట ఆయన వెతుక్కుంటుంటే నేనే అందించాను.
రెట్టింపు కావడానికి ఐదు నెలలు.

కింది వరసలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్:
ఎముకల గట్లు కోసుకుపోతుంటే
నీళ్ళల్లో కలిసొచ్చే ఒండ్రు.
దాని పక్కన హిమోగ్లోబిన్, కాస్త దిగువకి.
నోరు తిరగని ఎంజైము ఇంకోటి.
అన్నీ కలిపి కంప్యూటర్లో వేస్తే
నాలాంటివాళ్ళు వందమందిలో
మూడేళ్ళకి ఎందరు మిగులుతారో చెబుతుందట.
అరవై రెండు, అంది.

మా నాన్న ధవళేశ్వరం ఆనకట్ట మీద లస్కరు.
మొదటి హెచ్చరిక, రెండోది, మూడోది.
మూడోది వెళ్ళాక ఎవరూ ఆయన్ని ఏమీ అడిగేవారు కారు,
మూటలు కట్టుకునేవారు.
నాకా అదృష్టం లేదు. నావన్నీ శాతాలు.

కోల్‌హామ్‌లో ఓ వీధి చివరింట్లో మిసెస్ ప్రాతెరో.
ఫిబ్రవరి సాయంత్రం తలుపు కొట్టి
"ముప్పై ఎనిమిది శాతం" అన్నాను.
చేతులకి పిండి, నడుముకి తువ్వాలు.
కింది నుంచి పైదాకా నన్ను కొలిచి
"శాతం నువ్వుంచుకో నాయనా.
కార్పెట్ తియ్యాలా, వద్దా?" అంది.
అంతవరకూ నన్నెవరూ అసలు ప్రశ్న అడగనేలేదు.
తియ్యమన్నాను.
తీసింది, ఒక్కతే, డెబ్భై ఆరేళ్ళ నడుముతో,
చాపలా చుట్టి, మేడమెట్లు ఎక్కించి.
నీళ్ళు వీధి మొదట్లో పబ్బు గుమ్మందాకా వచ్చి
చెప్పులు విప్పబోయి మనసు మార్చుకున్న చుట్టంలా
వెనక్కి పోయాయి.

పొద్దున్నే ఆఫీసుకి ఫోను.
"ఏదయ్యా నీ వరద?
నడుం పట్టేసింది, కొత్త నడుం ఎవడిస్తాడు?"
పావుగంట తిట్టింది.
రిసీవరు చెవికానించుకుని
చల్లారిన టీ తాగుతూ విన్నాను.
పొడి నేలమీద నిలబడ్డ మనిషి తిట్లవి.

డాక్టర్ ఒయిన్ ఇంకా అరవై రెండు దగ్గరే ఉన్నాడు.
"అది కాదు డాక్టర్,
కార్పెట్ తియ్యాలా, వద్దా?"
ఆయనకేం తెలుస్తుంది పాపం.
స్కాన్ రాశాడు, మందు మారుద్దామన్నాడు,
నా భుజంమీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేశాడు.

బయట కారులో రమామణి.
"ఎంత?" అనలేదు.
"ఏం చెయ్యమన్నాడు?" అంది.
అందుకే చేసుకున్నాను ఆవిణ్ణి.

ఇంటికెళ్తూ వంతెన దగ్గర ఆపమన్నాను.
నీళ్ళు తక్కువగానే ఉన్నాయి.
పలక ఎవరూ కడుగుతున్నట్టు లేదు,
మూడో అంకె నాచులో పోయింది.

మూడేళ్ళు పోయాక ఓ పొద్దున
ఒయిన్‌కి ఫోను చెయ్యాలని ఉంది.
"ఏదయ్యా నీ వరద?" అని
పావుగంట, ఊపిరి తీసుకోకుండా
తిట్టాలని ఉంది.